అడగడం నేర్పిన మనిషి

సూరత్ నగరానికి దక్షిణపు అంచున, పాండేసరా కార్ఖానాలను ఆనుకొని ఉన్న బమ్రోలిలో, మార్కండేయ మందిరం వెనుక ఒక రేకుల హాలు ఉండేది. పగటిపూట అందులో పెళ్లి వంటల గుండిగలు, షామియానా కర్రలు పడి ఉండేవి. సాయంత్రం పగటి షిఫ్టు, వారి మాటలో పాళీ, దిగిన పనివారు స్నానాలు చేసి, తలకు నూనె రాసుకొని వచ్చి, ఆ గుండిగలను ఒక మూలకు జరిపి చాపలు పరిచేవారు. ఇక అప్పుడు అది ఉమాకాంత్‌గారి ఇంగ్లిషు తరగతి.

ఉమాకాంత్ వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు కారు. సిరిసిల్ల నుంచి మేనమామ వెంట చిన్న వయసులోనే వచ్చి, కొన్నేళ్లు సాంచాల మీద, అనగా మరమగ్గాల మీద, పనిచేశారు. మెట్రిక్ ప్యాసయిన మనిషని తెలిసి సేటు ఆయనను షెడ్డులో మెహతాజీగా, అంటే లెక్కలు వ్రాసే గుమస్తాగా, కూర్చోబెట్టాడు. హాజరు వ్రాయడం, జీతాల పగారు లెక్క కట్టడం ఆయన ఉద్యోగం. పనివారి తరఫున సేటుకు అర్జీలు వ్రాయడం ఉద్యోగంలో చేరని ఉద్యోగం. చెల్లెలి కాన్పుకు అడ్వాన్సు కావలసినవాడు, ఊళ్లో తండ్రి కాలు విరిగినవాడు, గది అద్దె బాకీపడి సామాను వీధిలో పడినవాడు ముందుగా ఆయన బల్ల దగ్గరికే వచ్చేవారు. ఇతరుల అవసరాన్ని అంత వినయంగా, అంత సూటిగా కాగితం మీద నిలబెట్టగల మనిషి ఆ వాడలో మరొకరు లేరు. తనకోసం మాత్రం ఆయన ఒక్క అర్జీ వ్రాసుకోలేదు. అడ్వాన్సులు వ్రాసే చేయి అడ్వాన్సు తీసుకోరాదన్నది ఆ షెడ్డులో ఎవరూ పెట్టని నియమం. ఆయన దానిని పెట్టిన నియమాలకన్నా గట్టిగా పాటించారు.

తరగతిలో ఆయన బోధించేది ఒకే విషయం: డబ్బు గురించి మాట్లాడటానికి నిత్యం కావలసిన ఇంగ్లిషు వాక్యాలు. వానల గురించి, పువ్వుల గురించి ఇంగ్లిషులో మాట్లాడవలసిన పని సాంచా మనిషికి పడదనీ, బ్యాంకులోనూ కంపెనీ గేటు దగ్గరా అతడి నోరు మూతబడేది డబ్బు మాట వచ్చినప్పుడేననీ ఆయన అభిప్రాయం. వాక్యాలను ఆయన జోడీలుగా కట్టి నేర్పేవారు. ప్రతి ప్రశ్నకు ఒక జవాబు; ప్రశ్న వినబడగానే ఆలోచించకుండా జవాబు రావాలి.

“రాజనర్సూ, లే. ‘హౌ మచ్ డస్ ఇట్ కాస్ట్?’”

ఎంత ఖరీదు అన్న ఆ ప్రశ్నకు, రెండు సాంచాల మధ్య అరిచి అరిచి అలవాటైన గొంతుతో, రాజనర్సు హాలు దద్దరిల్లేలా జవాబిచ్చాడు. “‘ఇట్స్ టూ ఎక్స్‌పెన్సివ్!’”

“చాలా పిరం అంటున్నవ్. అది జవాబు గాదు, బేరం. జవాబు చెప్పు.”

“మనం కొనేటోళ్లమే గని అమ్మేటోళ్లం గాదు గద సార్. నోటికి బేరమే వస్తది.”

చాపల మీద నవ్వులు లేచాయి. రాజనర్సు కూర్చోలేదు. “ఇంకో ముచ్చట సార్. మొన్న మీరు చెప్పిన ‘ఇట్స్ ఆన్ మీ’, గదే, ఖర్చు నాది అనే మాట, మా సేటు ముంగట అన్న. సేటు ఎంబడి నలుగురున్నరు. నలుగురు చాయ్ తాగి, నాస్తా తిని, నా బుజం తట్టి పోయిండ్రు.”

“అర్థం తెలిసే అన్నవ్ గద?”

“తెలిసే అన్న. సేటు సిగ్గుపడి తనే ఇస్తడనుకున్న.”

“సేట్లకు సిగ్గు ఏ భాషల చెప్పినా రాదు. కూసో.”

జోడీలన్నింటిలోనూ ఆయన ఎక్కువ శ్రద్ధతో నేర్పినది అప్పుకు సంబంధించినది. ‘కెన్ యూ లెండ్ మీ సమ్ మనీ?’ అన్నది ప్రశ్న. కొంచెం డబ్బు అప్పిస్తావా అని అర్థం. ‘ఐ విష్ ఐ కుడ్, బట్ ఐ యామ్ బ్రోక్ మైసెల్ఫ్’ అన్నది జవాబు. ఇవ్వాలనే ఉంది గాని నా చేతిలోనే చిల్లిగవ్వ లేదని అర్థం. ఇస్తానని చెప్పే జవాబు ఆయన నేర్పలేదు. అది నేర్పనక్కర లేదని ఆయనకు తెలుసు.

“మనోళ్లకు లేదనుడు రాదు,” అని ఆయన ప్రతి కొత్త జట్టుకూ చెప్పేవారు. “కులపోడు వచ్చి గడపల నిలబడితే పెండ్లాం మెడలది తీసిస్తరు. తెలుగుల అనరాకుంటే ఇంగ్లిష్‌ల అనుండ్రి. నవ్వుకుంట అనుండ్రి. మొఖం మాడ్చుకొని అంటే ఎదుటోని మనసు ఇరుగుతది. నవ్వే ముఖ్యం.”

పాఠం హాలుతో ముగిసేది కాదు. శిష్యులలో ఎవరైనా వీధిలో కనబడితే కుశలప్రశ్నకు బదులుగా ఆయన ఒక డబ్బు వాక్యం విసిరేవారు. కూరగాయల బండి దగ్గరనైనా, బస్సు మెట్టు మీదనైనా నిలబడిన చోటనే జోడీ జవాబు చెప్పాలి. తడబడినవాడు చాయ్ ఇప్పించాలి. బమ్రోలిలో ఇది ఒక వేడుకగా మారింది. ఆయన దూరంగా కనబడగానే పెదవులు కదిలించుకుంటూ వల్లెవేసుకునేవారు, తప్పించుకొని సందులోకి జారుకునేవారు, పోటీపడి ఎదురు వచ్చేవారు. పగారు కోత పడిన నాడు సైతం వారిని నవ్వించగలిగినది ఈ ఆట ఒక్కటే.

ఈ ఆటలో ఒక్కసారి కూడా చాయ్ ఇప్పించనివాడు అంబదాస్. తల్లి లేదు; తండ్రి సాంచా పక్కనే గుండె ఆగి పోయిననాటికి అతడు కండెలు చుట్టే పనిలో ఉండేవాడు. ఉమాకాంత్ దంపతులకు పిల్లలు లేరు. ఆయన భార్య భాగీరథి ఆ పిల్లవాణ్ని తమ ఒంటిగది ఇంట్లో పొయ్యి పక్కన కూర్చోబెట్టుకొని జొన్నరొట్టె పెట్టేది. ఆయన పుస్తకం ముందు కూర్చోబెట్టేవారు. అంబదాస్ రాత్రి బడిలో చదివి, డిగ్రీ పూర్తిచేసి, హజీరాలోని ఒక పెద్ద కంపెనీలో పగారు విభాగంలో గుమస్తా అయ్యాడు. తెల్ల చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, కంపెనీ బస్సు. ఇంకా పెళ్లి చేసుకోలేదు. అడాజణ్ వైపు ఫ్లాటు కొనడానికి బ్యాంకులో డబ్బు కూడబెడుతున్నాడని బమ్రోలిలో అందరికీ తెలుసు. వీలు చిక్కిన ఆదివారం తరగతికి వచ్చి చివరి చాప మీద కూర్చునేవాడు.

1996 వర్షాకాలంలో భాగీరథికి ఆయాసం మొదలైంది. మొదట బిందె ఎత్తుకొని మెట్లెక్కినప్పుడు, తరువాత చీపురు పట్టినప్పుడు, చివరకు పడుకున్నప్పుడు కూడా ఊపిరి అందేది కాదు. దిండ్లు ఒకదానిపై ఒకటి పెట్టుకొని, గోడకు ఆనుకొని నిద్రపోయేది. ట్రస్టు ఆసుపత్రిలో డాక్టరు పరీక్షించి, గుండెలో ఒక కవాటం ఇరుకైపోయిందనీ, ఆపరేషన్ చేసి దానిని తెరవాలనీ చెప్పాడు. ఖర్చులో సగం ట్రస్టు భరిస్తుంది. తక్కిన సగం ముందుగా కట్టాలి. దీపావళి దాటగానే మంచం ఇస్తారు. “చలి ముదరకముందే చేయించండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే తరువాత మా చేతుల్లో ఉండదు,” అని డాక్టరు హిందీలో, తొందరలేని గొంతుతో, రెండుసార్లు చెప్పాడు.

రెండేళ్ల కిందట సూరత్‌లో ప్లేగు వచ్చిన ఏడాది షెడ్డు నెలల తరబడి మూతబడింది. ఆ తరువాత సేటు సాంచాలను పాత ఇనుము కింద అమ్మివేశాడు. ఉమాకాంత్ వేరొక చిన్న షెడ్డులో తక్కువ జీతానికి కుదురుకున్నారు. దాచుకున్నది ఆ నెలల్లోనే కరిగిపోయింది. భాగీరథి మెడలోని బంగారు గుండ్లు కూడా ఆ కాలంలోనే పోయాయి. ఆ తరువాత డబ్బాలో దాచినదంతా కలిపి చూసినా, కట్టవలసిన దానిలో సగానికి మించి లేదు.

“అంబదాసును అడుగు,” అన్నది భాగీరథి, గోడకు ఆనుకొని చిక్కుడుకాయలు ఒలుస్తూ.

“అడుగుత.”

“ఎప్పుడు?”

“అడుగుత అంటున్న గద.”

“నువ్వు అడగవయ్యా, నాకెరుక. ఊరందరి అర్జీలు రాస్తివి, నీది నువ్వు రాసుకోకపోతివి. నేనే అడుగుత తియ్యి. ఆదివారం వస్తడు గద.”

“వద్దు.” ఆయన గొంతు కొంచెం పెరిగింది. “చిన్నగున్నప్పుడు నువ్వు పెట్టిన రొట్టెలకు ఇప్పుడు పైసలడిగినట్టుంటది. నేనే అడుగుత. నా మీద ఒట్టు, నువ్వు నోరు తెరువద్దు.”

భాగీరథి నవ్వింది. నవ్వు దగ్గుగా మారి, దగ్గు తగ్గేదాకా చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. “నీ నోరు ఇంగ్లిష్‌లనే తెరుసుకుంటది,” అన్నది తరువాత. “తెలుగుల తాళమేసి ఉంటది.”

ఆ ఆదివారం అంబదాస్ వచ్చాడు. ఉమాకాంత్ అతడితో కంపెనీ బస్సు వేళల గురించి మాట్లాడారు. తరువాతి ఆదివారం ఉకాయి ఆనకట్ట నీళ్ల గురించి మాట్లాడారు. మధ్యలో ఒకనాడు షెడ్డులో బల్ల ముందు కూర్చొని, ఎవరికో వ్రాసినట్టు అర్జీ వ్రాయబోయారు. తేదీ వేశారు. విషయము అని వ్రాసి గీత గీశారు. ఆ గీత పక్కన ఏమి వ్రాయాలో, ఆయుష్కాలమంతా ఇతరుల విషయాలు వ్రాసిన ఆయనకు తోచలేదు. కాగితాన్ని నాలుగు మడతలు చేసి, నూనె డబ్బా కింద పెట్టి, పనిలో పడ్డారు.

బతుకమ్మ పండుగ వచ్చింది. మందిరం ముందర ఆడవారు చప్పట్లు చరుస్తూ తిరుగుతుండగా, ఎప్పుడూ ముందు నిలబడి పాట ఎత్తుకునే భాగీరథి ఆ ఏడు మెట్టు మీద కూర్చొని చూసింది. పక్కింటి బుచ్చవ్వ వచ్చి ఆమె ఒడిలో ఇంత సత్తుపిండి పెట్టి, తల నిమిరి వెళ్లిపోయింది. హాలు తలుపు దగ్గర నిలబడిన ఉమాకాంత్ అది చూశారు. ఇక ఆలస్యం చేయరాదని ఆయన నిశ్చయించుకొన్నది అప్పుడే.

ఎలా అడగాలో కూడా అప్పుడే నిశ్చయించుకొన్నారు. తెలుగులో అప్పు అన్న మాట నోట్లోకి రాబోయే సరికి దాని వెనుక మేనమామ గొంతు వచ్చేది. సిరిసిల్లలో తండ్రి గడప ముందు నిలబడి బాకీ కోసం అరిచిన నూలు వ్యాపారి వచ్చేవాడు. కులపెద్దల చూపులు వచ్చేవి. ఇంగ్లిషు మాట వెనుక ఎవరూ లేరు. అది ఆయన కొని తెచ్చుకొన్న భాష; శుభ్రంగా, ఖాళీగా ఉంటుంది. దానిలో అడిగితే అడిగినట్టే ఉంటుంది, తల వంచినట్టు ఉండదు.

మరునాడు సాయంత్రం ఆయన ఉతికిన చొక్కా వేసుకొని పాండేసరా చౌరస్తాకు వెళ్లి, చాయ్ దుకాణం పక్కన నిలబడ్డారు. హజీరా కంపెనీ బస్సు వచ్చి ఆగింది. అంబదాస్ దిగాడు, అతడి వెంట కంపెనీలో పనిచేసే ఇద్దరు గుజరాతీ యువకులు కూడా దిగారు. వారిని చూసి ఉమాకాంత్ ఒక క్షణం వెనుకాడారు. అయితే ఈ రోజు మరలిపోతే మళ్లీ రాలేనని ఆయనకు తెలుసు. ముందుకు నడిచి, కళ్లజోడు సర్దుకొని అన్నారు:

“అంబదాస్. ఐ యామ్ ఎ లిటిల్ షార్ట్ దిస్ మంత్. కెన్ యూ లెండ్ మీ సమ్ మనీ?”

ఈ నెల చేయి కొంచెం ఇబ్బందిగా ఉంది, కొంత డబ్బు అప్పివ్వగలవా అన్న ఆ రెండు వాక్యాలు ముగిసేలోపల ఆయన గొంతు వణికింది.

అంబదాస్ ముఖం వెలిగిపోయింది. భుజానికి ఉన్న సంచీని కిందికి దించి, బడిపిల్లవాడిలా నిటారుగా నిలబడి, నిండుగా నవ్వుతూ, ఒక్క అక్షరం తడబడకుండా చెప్పాడు: “ఐ విష్ ఐ కుడ్, సర్, బట్ ఐ యామ్ బ్రోక్ మైసెల్ఫ్!”

వెంట ఉన్న యువకులు చప్పట్లు కొట్టారు. “వాహ్ మాస్టర్‌జీ!” అన్నాడు ఒకడు.

“మా సార్,” అని అంబదాస్ వారికి హిందీలో పరిచయం చేశాడు. “వీరి వల్లనే నాకు నౌకరీ వచ్చింది. రోడ్డు మీద ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకొని పరీక్ష పెడతారు.” మళ్లీ ఉమాకాంత్ వైపు తిరిగాడు. “ఎన్ని రోజులాయె సార్ మీరు నన్ను గిట్ల అడగక! నన్ను ఇడిసిపెట్టిండ్రనుకున్న. గొంతు గూడ ఏం పెట్టిండ్రు సార్, నిజంగ ఆపతిల ఉన్నోళ్ల లెక్క! ఇంకోటి అడుగుండ్రి.”

చౌరస్తాలో ఆటోలు, లారీలు, పాళీ మారే జనం. ఉమాకాంత్ నోరు తెరిచారు. ఇది పాఠం కాదు బిడ్డా అన్న మాట తెలుగులో గొంతు దాకా వచ్చింది. ఎదురుగా మూడు ముఖాలు నవ్వుతూ రెండో ప్రశ్న కోసం చూస్తున్నాయి.

“హౌ మచ్ ఈజ్ ది టీ?” అన్నారు ఆయన. చాయ్ ఎంత అని.

“ఇట్స్ ఆన్ మీ, సర్!” అని అంబదాస్ గబగబా జేబులోంచి డబ్బు తీసి, నాలుగు చాయ్‌లు చెప్పాడు. తప్పు చెప్పకపోయినా ఆ రోజు మొదటిసారిగా అతడే చాయ్ ఇప్పించాడు. ఉమాకాంత్ తాగారు. వేడిగా ఉందో చల్లారిందో ఆయనకు తెలియలేదు.

ఇంటికి వచ్చేసరికి భాగీరథి దీపం పెట్టి, దిండ్ల మీద ఆనుకొని ఉంది. ఆయన ముఖం చూసి నీళ్ల చెంబు అటు జరిపింది. ఆయనే అన్నారు.

“అడిగిన.”

ఆమె లేచి కూర్చుంది. “ఏమన్నడు?”

“ఆని దగ్గర లేవట.”

“అంబదాసు అన్నడా? లేవని?”

“అన్నడు.”

ఆ మాటలో అబద్ధం లేదని ఆయన తనకు తాను చెప్పుకొన్నారు. భాగీరథి పొయ్యి పక్కన అతడు కూర్చునే చోటు వైపు చూసింది. ఆమె కోపగించుకుంటుందేమో, నిష్ఠూరమాడుతుందేమో అని ఆయన ఎదురుచూశారు. అలా జరిగితే నిజం చెప్పడం సులువయ్యేదేమో. ఆమె కళ్లు తుడుచుకుంది.

“ఉంటే ఇయ్యకుంట ఉండేటోడు గాదు,” అన్నది. “పిల్లగానికి ఏం ఆపతొచ్చిందో. ఎవలకు చెప్పుకుంటడు, తల్లా తండ్రా. ఇగో, ఆ డబ్బాల మనయి ఉన్నయి గద, ఎట్లా సరిపోవు మనకు. ఇన్ని తీసుకపోయి ఆనికి ఇచ్చి రారాదు?”

“ఇప్పుడొద్దు,” అన్నారు ఉమాకాంత్. “ఏమన్న అనుకుంటడు.”

“అవు. మొగపిల్లగాడు, సిగ్గుపడ్తడు.” ఆమె మళ్లీ దిండ్ల మీదికి ఒరిగింది. “నా రోగం సంగతి గూడ ఆనికి చెప్పకు. ఇయ్యలేకపోతినని ఏడుస్తడు.”

శరత్ పున్నమ మరునాడు సూరత్ అంతటా ఘారీ అనే నేతి మిఠాయి తింటారు. ఆ సాయంత్రం అంబదాస్ ఘారీ పెట్టె పట్టుకొని ఇంటికి వచ్చాడు. పొయ్యి పక్కన, చిన్నప్పుడు కూర్చునే చోటనే కూర్చున్నాడు.

“పెద్దమ్మా, గిట్లయినవేంది? సగమైనవ్.”

“ముసలిదాన్నయిన బిడ్డా. దమ్ము. దవాఖానల మందులిస్తున్నరు.” ఆమె పెట్టెను వెనక్కి నెట్టింది. “ఇంత పిరమయినయి ఎందుకు తెచ్చినవ్? పైసలు చెట్లకు కాస్తున్నయా నీకు?”

“ఏడాదికొకసారి తినేటియి పెద్దమ్మా.”

“నీకేమన్న తక్లీఫ్ ఉంటే చెప్పు. మాకు కాక ఎవలకు చెప్తవ్?”

“నాకేం తక్లీఫ్?” అంబదాస్ ఆశ్చర్యపోయాడు. “మంచిగున్న.”

“మంచిదే. మంచిగుంటే మంచిదే.” దాచుకుంటున్నాడని ఆమెకు రూఢి అయింది. ఇంకా మృదువుగా చూస్తూ రొట్టెకు పిండి కలపబోయింది. ఆయాసం వచ్చి చేయి ఆగిపోతే, అతడు గిన్నె అందుకొని తానే కలిపాడు.

ఉమాకాంత్ గుమ్మం దగ్గర పీట మీద కూర్చొని ఉన్నారు. ఎవరిని అడగాలో అతడూ, ఎవరికోసం అడగాలో ఆ మనిషీ ఒకే పొయ్యి ముందు ఉన్నారు. ఒక్క వాక్యం చాలు. కాని ఆ వాక్యం ఇప్పుడు రెండు నిజాలను బయట పెడుతుంది: సార్ నిజంగానే చేయి చాచారనీ, తాను నవ్వుతూ లేదన్నాడనీ అంబదాస్‌కు తెలుస్తుంది; ఆ లేదనడం ఏపాటిదో తెలిసి కూడా తన భర్త ఇంటికి వచ్చి దానిని జవాబుగా అప్పగించాడని భాగీరథికి తెలుస్తుంది. మొదటిది ఆయన భరించగలిగేవారేమో. రెండవదాని ముందు ఆయన నోరు పడిపోయింది. రేపు అంబదాస్‌ను విడిగా పట్టుకొని చెబుదామనుకొన్నారు. ఆ రేపు దీపావళి దాకా సాగింది. దీపావళికి అంబదాస్ కంపెనీ పని మీద బరోడా వెళ్లాడు. నెల దాటినా రాలేదు.

దీపావళి వెళ్లింది. ట్రస్టు ఆసుపత్రిలో మంచం మరొకరికి ఇచ్చారు. డబ్బు జత కూడినప్పుడు మళ్లీ పేరు వ్రాయించుకొమ్మని గుమస్తా మర్యాదగానే చెప్పాడు. పనివారిని అడుగుదామని ఉమాకాంత్ ఒకటి రెండుసార్లు హాలులో లేచి నిలబడ్డారు. చాపల మీద కూర్చొన్న వారందరికీ నవ్వుతూ లేదనడం తానే నేర్పి ఉన్నారు. వారు లేదనరని, ఉన్నది ఊడ్చి ఇస్తారని కూడా ఆయనకు తెలుసు. ఆ రెండింటిలో ఏది ఎక్కువ బాధాకరమో తేల్చుకోలేక, పాఠం చెప్పి కూర్చున్నారు.

డిసెంబరులో చలి మొదలయ్యేసరికి భాగీరథి కాళ్లకు నీరు దిగింది. ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్చారు. వరండాలో మంచం దొరికింది. ఆమె గొంతు సన్నబడి, మాటకు మాటకు మధ్య ఆగవలసి వచ్చేది. రాజనర్సు, బుచ్చవ్వ వంతులవారీగా కూర్చునేవారు. జనవరిలో ఒక తెల్లవారుజామున, దిండు సర్దమని అడిగి, ఉమాకాంత్ దిండు సర్దుతుండగానే ఆమె వెళ్లిపోయింది.

అంబదాస్‌కు కబురు ఆలస్యంగా అందింది. బరోడా నుంచి అతడు వచ్చేసరికి దహనం అయిపోయి, మూడవనాటి కార్యం జరుగుతున్నది. గది ముందర పట్టా పరిచి కులంవారు కూర్చొని ఉన్నారు. అతడు సంచీ కూడా దించకుండా గుమ్మంలో నిలబడి, పొయ్యి వైపు చూసి, గోడ పట్టుకున్నాడు.

“వచ్చినవా బిడ్డా,” అన్నది బుచ్చవ్వ. ఆమె కోపం మూడు రోజులుగా ఎవరిమీద పడాలా అని వెదుకుతున్నది. “ఇప్పుడొచ్చినవా? బ్యాంకుల మూటలు పెట్టుకొని, చేతుల చిల్లిగవ్వ లేదంటివట గద. కొంగున కట్టుకొని పోతవా ఆ పైసలు?”

అంబదాస్‌కు అర్థం కాలేదు. “ఏం పైసలు బుచ్చవ్వా?”

“దాని గుండె ఆపరేషన్‌కు నీ సార్ అడగలేదా? లేవనలేదా నువ్వు? భాగీరథే చెప్పింది నాకు. చెప్పి, నిన్ను ఒక్క మాట అననియ్యలే. పిల్లగాడు ఆపతిల ఉన్నడు, ఏమనకు బుచ్చవ్వా అన్నది.”

“నన్నెవలడిగిండ్రు?” అంబదాస్ భుజం మీది సంచీ కిందికి జారింది. “నాకు గుండె రోగమని తెల్వదు. సార్, నన్నెవలడిగిండ్రు?”

పట్టా మీది తలలన్నీ ఉమాకాంత్ వైపు తిరిగాయి. కొందరు అంబదాస్‌ను చూసిన చూపులో అప్పటికే తీర్పు ఉంది. ఊరుకుంటే ఆ తీర్పు అక్కడే స్థిరపడిపోతుందని, ఆ కుర్రవాడు జీవితాంతం దానిని మోస్తాడని ఉమాకాంత్ గ్రహించారు. ఆయన పీట మీద నుంచి లేచారు.

“బుచ్చవ్వా, ఆన్ని అనకు. ఆనిది తప్పు లేదు.”

“నువ్వు అడిగిన్నని చెప్తివి గదయ్యా దానికి.”

“చెప్పిన. పాండేసరా చౌరస్తాల, చాయ్ దుకాణం కాడ అడిగిన. ఇంగ్లిష్‌ల అడిగిన. ఎప్పటిలెక్క పాఠం అడుగుతున్నననుకున్నడు ఆడు. నేను నేర్పిన జవాబే నాకు చెప్పిండు.” ఆయన కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. “పాఠం గాదురా, మీ పెద్దమ్మకు బాగలేదు, పైసలు కావాలె అని తెలుగుల ఒక్క మాట అంటే అయిపోతుండె. నాకు నోరు రాలే. ఇంటికొచ్చి లేవన్నడని చెప్పిన. గంతే.”

రాజనర్సు తల దించుకొని పట్టా అంచు దారాలు లాగుతూ కూర్చున్నాడు. అంబదాస్ నెమ్మదిగా గుమ్మంలోనే చతికిలపడ్డాడు.

“నేను నవ్విన గద సార్ ఆ రోజు,” అన్నాడు.

“నవ్వినవ్. నవ్వుమని నేనే చెప్పిన.”

“చాయ్ గూడ తాగినం.”

“తాగినం.”

వీధి చివర షెడ్డులో సాంచాలు నడుస్తున్న చప్పుడు ఆగకుండా వినబడుతున్నది. అంబదాస్ తలెత్తాడు. “నేను లేవన్ననని చెప్తే పెద్దమ్మ ఏమన్నది? తిట్టిందా?”

తిట్టిందని చెప్పి ఉంటే అతడికి కొంత తేలికగా ఉండేదేమో. ఉమాకాంత్ ఆ సంగతి ఆలోచించారు కూడా. కాని ఆ ఇంట్లో ఇంకొక మాట దాచే శక్తి ఆయనకు మిగలలేదు.

“తిట్టలే. ఏడ్సింది. పిల్లగానికి ఏం ఆపతొచ్చిందో, డబ్బాల ఉన్నయి తీసుకపోయి ఆనికి ఇచ్చి రా అన్నది.”

అంబదాస్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. బుచ్చవ్వ లేచి వచ్చి అతడి పక్కన కూర్చొని, ఇందాక తిట్టిన నోటిని కొంగుతో మూసుకొని, మరో చేతిని అతడి వీపు మీద పెట్టింది. ఏడుపు మధ్యలో అతడు ఏదో అన్నాడు. మొదట ఎవరికీ తెలియలేదు.

“మళ్ల చెప్పుండ్రి సార్,” అంటున్నాడు. “పెద్దమ్మ ఏమన్నదో మళ్లొక్కసారి చెప్పుండ్రి.”

ఉమాకాంత్ అతడి ఎదుట నేల మీద కూర్చున్నారు. ఈసారి ఆమె అన్నది అన్నట్టుగా, ఒక్క మాట వదలకుండా, ఆమెకు ఊపిరి అందక ఆగిన చోట తానూ ఆగుతూ, మొదటి నుంచి చెప్పారు.